ముప్పై ఒకటో నంబరు కత్తి

మార్చి 3, సోమవారం

ఈ డైరీ ప్లాస్టర్ కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి మా కట్టుడుపళ్ళ ల్యాబుకిచ్చింది. రెండు నెలలుగా బల్ల సొరుగులో ఖాళీగా పడుంది. నాకు డైరీ రాసే అలవాటు లేదు. ఇవాళ ఎవరితో చెప్పుకోవాలో తెలియక తెరిచాను.

మధ్యాహ్నం టీ వేళ వదిన ల్యాబుకి ఫోన్ చేసింది. ఆవిడ ఎప్పుడూ ల్యాబుకి చెయ్యదు. ఎవరో పెద్దాయన కింది పళ్ళ సెట్టు అచ్చులో మైనం పోస్తున్నాను, ఆ మైనం అక్కడే గడ్డకట్టింది.

"కంగారు పడకు. నాలుగు కుట్లు పడ్డాయి, అంతే."

"అన్నయ్యకా?"

"నాకు."

అన్నయ్య కత్తి పట్టుకుని వంటింటి తలుపు వెనక నిలబడ్డాడట. వదిన ఆరిన బట్టలు చేతుల నిండా మోసుకుని వస్తుంటే దొంగ అనుకున్నాడట. మోచేతి కింద తెగింది. ఆ వెంటనే గుడ్డ చింపి కట్టు కట్టింది కూడా ఆయనేనట. కట్టాక, "ఎవరమ్మా నిన్నిలా చేసింది?" అని అడిగాడట.

"కత్తులన్నీ పట్టుకుపో. ఒక్కటి కూడా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. నా కూరగాయల చాకు కూడా పిండి డబ్బాలో దాచుకుంటున్నాను."

ముప్పై ఏళ్ళుగా అన్నయ్యా నేనూ వేట కత్తులు పోగేస్తున్నాం. మడిచి జేబులో వేసుకునే రకం కాదు, కోసే అలుగూ పిడీ ఒకే ఉక్కుముక్క మీద నిలిచేవి. అందులోనూ తయారీ ఆపేసినవి, లేదా ఏదో సందర్భానికి పదీ ఇరవై మాత్రమే చేసినవి. ఇద్దరం కలిసి ఇంతవరకు ఒక ఎలుకని కూడా చంపలేదు. బొద్దింకని చూసి కుర్చీ ఎక్కే వేటగాళ్ళు అంటుంది మా ఆవిడ.

అన్నయ్యకి మతిమరుపు మొదలై ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్ళూ పేర్లూ రోజులూ పోయాయి, అంతే అనుకున్నాం.

రేపు సెలవు పెట్టి వెళ్ళాలి. కత్తులు నా దగ్గర భద్రంగా ఉంటాయి. తాత్కాలికంగా.

మార్చి 4

వదిన ఆయన్ని మంగలి షాపుకి తీసుకెళ్ళిన గంటలో పని కానిచ్చాను. సొంత అన్న ఇంట్లో సూట్‌కేసు తెరుచుకుని కూర్చుంటే నాకే సిగ్గేసింది.

నలభై మూడు కత్తులు. ప్రతిదీ మైనం కాగితంలో చుట్టి, ఒర విడిగా, దాని వివరాలు రాసిన కార్డు విడిగా. ఒరలో పెట్టి దాచకూడదన్నది అన్నయ్య నాకు నేర్పిన మొదటి పాఠం. తోలు చెమ్మ పట్టి ఉక్కుకి తుప్పు తెస్తుంది, ఇత్తడికి చిలుము పట్టిస్తుంది. రెండో పాఠం, అంచు మీద వేలు పెట్టకూడదు. మూడోది అన్నిటికంటే పెద్దది, ఎప్పటికీ సాన పట్టకూడదు. తయారైన నాటి పదును అలాగే ఉండాలి. ఒక్కసారి రాయి తగిలిందంటే అది కూరగాయలు తరగడానికి తప్ప పనికిరాదు.

ఏడు కత్తులకి రాయి తగిలింది. వంటింటి గట్టు మీద సానరాయి తడిగా ఉంది. ఈ నెలరోజులుగా కూర్చుని సాన పట్టాడన్నమాట, ఎవరైనా పట్టబోతే చెయ్యి విరగ్గొడతానన్న మనిషే.

ముప్పై ఒకటో నంబరు కొట్టిన కత్తి అడుగున ఉంది. దానికేమీ కాలేదు. ముందు దాన్ని చూశానని ఒప్పుకోవాలి. వదిన చెయ్యి ఎలా ఉందో ఆ తర్వాత అడిగాను.

నలభై రెండూ సూట్‌కేసులోనే ఉంచి మంచం కిందకి తోశాను. ముప్పై ఒకటిని మాత్రం నా అద్దాల బీరువాలో పెట్టాను. అక్కడ పొడిగా ఉంటుంది. అందుకే.

మార్చి 5

ముప్పై ఒకటిని తుడిచాను. తుడవాల్సిన అవసరమేమీ లేదు.

మార్చి 7

దాని సంగతి రాయకపోతే ఈ పుస్తకానికి ఏం అర్థమవుతుంది?

పంతొమ్మిదేళ్ళ కిందట ఒక ముసలి మేస్త్రి చూపు మందగించి కత్తులు చెయ్యడం మానేశాడు. మానేసేముందు ఆఖరి విడతగా యాభై చేశాడు. దుప్పికొమ్ము పిడి, అలుగు మొదట్లో చేత్తో కొట్టిన నంబరు. సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఇద్దరం ఆరుగంటలు బస్సులో వెళ్ళాం. నాకు బస్సు పడదు. దిగగానే వాంతి చేసుకుని, ఆ ఇంటి వెనక పంపు దగ్గర మొహం కడుక్కుని వచ్చేసరికి మిగిలిన ఒక్క కత్తీ అన్నయ్య చేతిలో ఉంది. ఎప్పుడూ లేనంతగా నవ్వుతున్నాడు.

"చూడరా, ముప్పై ఒకటిలో ఒకటి కాస్త కుడికి వాలింది. చూపు పోతున్న మనిషి కొట్టిన అంకె."

నేను చూసి చాలా బాగుందన్నాను. తిరుగు ప్రయాణంలో ఆరుగంటలూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత రెండేళ్ళు మాట్లాడలేదు. ఎందుకని ఎవరడిగినా ఇంటి పనులన్నాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మా అమ్మ మా ఇద్దర్నీ ఒక దుప్పటి కింద పడుకోబెట్టినప్పుడల్లా అనేది. మళ్ళీ మాట్లాడింది కూడా అమ్మ పోయిన రోజునే.

అడగవచ్చు కదా అని ఇప్పుడనిపిస్తోంది. అన్నయ్యా, ఇది నాకిస్తావా అని. ఒక్కసారైనా అడగలేదు. ఆయనంతట ఆయనే ఇవ్వాలని కూర్చున్నాను.

మార్చి 9, ఆదివారం

పొద్దున్నే అన్నయ్య ఫోన్.

"ఒరేయ్, ఇంట్లో దొంగలు పడ్డార్రా."

"ఏం పోయింది అన్నయ్యా?"

"నా కత్తులు. నలభై మూడూ. కార్డులతో సహా పట్టుకుపోయారు. ఇది తెలిసినవాడి పనిరా. మామూలు దొంగైతే ఒరల్లో దోపుకుని పోతాడు. వీడు ఒక్కొక్కటే కాగితంలో చుట్టి సర్దుకున్నాడు. నలిగిన మైనం కాగితాలు రెండు తీసి కొత్తవి చుట్టాడు. పాతవి ఇక్కడే పడున్నాయి."

భార్య పేరు గుర్తులేని మనిషి నలిగిన కాగితాల్ని బట్టి నన్ను పట్టేసుకున్నాడు.

"ముప్పై ఒకటి నీ దగ్గర గానీ ఉందా?"

"నా దగ్గరెందుకుంటుంది?"

"ఊరికే అడిగాలే. నీ దగ్గరుంటే ఫరవాలేదనుకున్నా."

వదిన కోసమే అబద్ధం చెప్పాను. నిజం చెబితే ఆయన వచ్చి పట్టుకుపోతాడు, మళ్ళీ ఎవరో ఒకరికి తెగుతుంది. నేను చేసింది సరైన పనే.

మార్చి 10

ల్యాబులో ఒకరి పై పళ్ళు ఇంకొకరి కింది పళ్ళతో కలిపి పంపించాను. "ఇద్దరూ ఒకరి నవ్వు ఒకరు నవ్వుకుంటున్నారు" అన్నాడు ఓనరు. ముప్పై ఏళ్ళలో ఇలాంటి తప్పు మొదటిసారి.

మార్చి 14

గద్ద ఫోన్ చేశాడు. ఇతను కూడా మాలాగే కత్తుల పిచ్చివాడు. ఏ సేకర్త మంచాన పడ్డా మొదటి ఫోన్ ఇతనిదే, అందుకని అన్నయ్యే పెట్టాడు ఆ పేరు.

"మీ అన్నయ్యగారికి ఒంట్లో బాగుండటం లేదని విన్నాను, పాపం. ముప్పై ఒకటి ఎవరి దగ్గరుంది?"

పాపానికీ ముప్పై ఒకటికీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు.

"అది ఇచ్చేది కాదు."

"మీది కాదు కదండీ. కాదని మీరెలా చెబుతారు?"

ఫోన్ పెట్టేశాను. మధ్యాహ్నమంతా అతన్ని మనసులో తిడుతూనే ఉన్నాను. మనుషులు ఇంత నీచంగా ఎలా ఉంటారో నాకు అర్థం కాదు. గుమ్మడికాయల దొంగ అంటే నేనెందుకు భుజాలు తడుముకోవడం?

మార్చి 16, ఆదివారం

వెళ్ళొచ్చాను. వెళ్ళకుండా ఉంటే బాగుండేది.

ఇల్లంతా తిరగేసి ఉంది. పరుపు కుట్లు విప్పాడు. బియ్యం నేల మీద పోశాడు. వదిన ఒంటి చేత్తో ఎత్తుకుంటోంది. అన్నయ్య కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చెంచా తుడుస్తున్నాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం బల్ల మీద పాత దుప్పటి పరిచి, నలభై మూడు కత్తులూ వరసగా పెట్టి, బనీను గుడ్డ మీద ఒక్క చుక్క నూనె వేసి, వెన్ను నుంచి మొనదాకా ఒక్కొక్కటే తుడిచేవాడు. పొద్దున మొదలుపెడితే సాయంత్రమయ్యేది. ఇప్పుడు ఆ చేతులకి పని లేదు. చెంచా అయిపోయింది, కుర్చీ చెయ్యి అయిపోయింది, తర్వాత వదిన దగ్గరికి వచ్చి కట్టున్న చెయ్యి పట్టుకుని మోచేతి నుంచి వేళ్ళదాకా తుడవడం మొదలుపెట్టాడు. కుట్ల మీద గుడ్డ పడినప్పుడల్లా ఆవిడ కళ్ళు మూసుకుంది, కానీ చెయ్యి లాక్కోలేదు.

"ఈ వారంలో మూడుసార్లు బయటికి వెళ్ళిపోయారు" అంది నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ. "మొన్న బస్టాండులో జనాల సంచులు తెరిచి కత్తుల కోసం వెతికారట. ఎవడో చెంప మీద కొట్టాడు. ఇదిగో ఇక్కడ వాచింది చూడు. నిన్న నన్ను నర్సమ్మా అని పిలిచారు."

"డాక్టరేమన్నాడు?"

"చేతులకి అలవాటైన పనేదైనా ఇవ్వమన్నాడు. లేదంటే కనిపెట్టుకుని ఉండేచోట చేర్చమన్నాడు. ఊరి చివర ఒకటుందిట. గేటుకి తాళం వేస్తారు. ఒకటో తారీఖున మంచం ఖాళీ అవుతుందన్నారు." జారిన కట్టు సర్దుకుంది. "నాకు ఓపిక లేదు. నిజంగా లేదు. ఇద్దరం ఇన్నేళ్ళూ పిల్లల్లేకుండా ఒకరికొకరం ఉన్నాం. ఇప్పుడు ఆయన్ని తాళం వెనక పెట్టి నేనొక్కదాన్నీ ఇంటికొచ్చి అన్నం ఎలా తినను?"

ఏదైనా ఆలోచిద్దాం అన్నాను. బస్సులో కూర్చున్నాక ఏమీ ఆలోచించలేదు. అలిసిపోయాను.

మార్చి 18

ఆలోచన వచ్చింది. నా దగ్గర మామూలు కత్తి ఒకటుంది, బజారులో ఇప్పటికీ దొరికేదే. ల్యాబులో మోటారు చక్రం మీద దాని పదును తీసేస్తే తుడుచుకోవడానికి ఇవ్వవచ్చు.

మార్చి 19

ఇచ్చాను. అటూ ఇటూ తిప్పాడు. "నీ కత్తి నాకెందుకురా?" అని మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు.

మార్చి 21

మా ఆవిడ దుమ్ము దులపడానికి నా అద్దాల బీరువా తెరిచింది.

"ఏమండీ, ఇది బావగారిది కదూ?"

"ఊఁ. తాత్కాలికంగా పెట్టాను."

"తాత్కాలికానికి చీటీ కూడా ముచ్చటగా రాసుకున్నారే!"

చీటీ నా చేతిరాతే. ముప్పై ఒకటి, ఆఖరి విడత, దుప్పికొమ్ము పిడి. కింద సేకర్త అన్నచోట నా పేరు. ఎప్పుడు రాశావంటే నాలుగో తారీఖు సాయంత్రమే రాశాను. అది ఇక్కడ రాయలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా రాయలేదు.

"అక్క మిమ్మల్ని నమ్మి తీసుకెళ్ళమంది. కంచే చేను మేస్తే ఆవిడ ఎవరితో చెప్పుకోవాలి?"

"వేరే చోట పెడితే తేమ పడుతుంది."

"నేను తేమ గురించి మాట్లాడటం లేదు."

భోజనాలయ్యాయి. ఆవిడ కంచం కడుగుతూ, "బావగారు తిన్నారో లేదో" అంది. నాకు చెప్పలేదు, గోడకి చెప్పింది.

మార్చి 22

చీటీ చించేశాను. కత్తి బీరువాలోనే ఉంది.

మార్చి 23, ఆదివారం

ఆయనే సాన పట్టి పాడుచేసుకున్న ఏడింటిలో ఒకదాని అంచు గుండ్రం చేసి తీసుకెళ్ళాను. ఎలాగూ పోయిన కత్తే కదా. గుడ్డ తీసుకున్నాడు, నూనె చుక్క వేసుకున్నాడు. వెన్ను నుంచి మొనదాకా, ఒకటి, రెండు. వదిన ఊపిరి బిగబట్టి చూస్తోంది. పది నిమిషాలు. మొన్నమొన్నటి అన్నయ్యలాగే ఉన్నాడు, పెదవులు కాస్త ముందుకు పెట్టి.

తర్వాత వెలుగులో పెట్టి చూశాడు.

"ఇది నేను కొన్న పద్నాలుగోది. దీనికెవడో సాన పట్టాడు. చూడు, గీతలు."

"ఎవరు పట్టారు అన్నయ్యా?"

"ఎవడో చేతకానివాడు." పక్కన పెట్టేశాడు. "ముప్పై ఒకటేదిరా?"

ఆ తర్వాత లేచి చెప్పులు వేసుకుని గుమ్మం వైపు నడిచాడు. వదినా నేనూ చెరో చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాం. నన్ను తోశాడు. అరవై ఆరేళ్ళ మనిషి, ఆ బలం ఎక్కడిదో.

మార్చి 24

ఏం చెయ్యాలో తెలుసు. తెలిసి మూడు రోజులైంది. రాయలేదు.

మార్చి 25

వేరే దారి ఉండవచ్చు. మంచి మందులొచ్చాయంటున్నారు.

మార్చి 26

వదిన వెళ్ళి ఆ చోటు చూసొచ్చింది. శుభ్రంగా ఉందట. కిటికీలకి కూడా తాళాలున్నాయట. కాగితాల మీద సంతకం పెట్టమంటే, "మా మరిదిని అడిగి చెబుతాను" అని చెప్పి వచ్చేసిందట. నన్ను అడగాల్సిన పనేముంది? నేనెవర్ని?

"నువ్వు సరేనంటే పెట్టేస్తాను" అంది ఫోన్లో. "నువ్వూ సరేనంటే తప్పు సగం పంచుకున్నట్టుంటుంది."

సోమవారం దాకా ఆగమన్నాను.

మార్చి 27

మధ్యాహ్నం ల్యాబులో అందరూ భోజనానికి లేచాక సంచిలోంచి ముప్పై ఒకటిని తీశాను. మళ్ళీ కాగితం చుట్టాను. మళ్ళీ తీశాను. పాలిష్ మోటారు పక్కనే ఉంది. నీళ్ళ గిన్నె పెట్టుకున్నాను, ఉక్కు వేడెక్కితే నీలం తిరుగుతుంది. నీలం తిరిగితే ఆయనకి ఇట్టే తెలిసిపోతుంది.

పళ్ళ సెట్టు అంచులు చిగుళ్ళకి గుచ్చుకోకుండా గుండ్రం చెయ్యడమే ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగం. నేను చేసిన పని ఎవరికీ కనిపించకూడదు. కనిపించిందంటే నేను చెడగొట్టినట్టే. అలాంటి వేల అంచులు తీసినవాణ్ణి, ఇవాళ ఒక్క అంచు తియ్యడానికి మోటారు మీట మీద వేలు పెట్టి కూర్చుండిపోయాను.

పంతొమ్మిదేళ్ళు ఎవరూ ముట్టని పదును. అది చేసిన మేస్త్రి ఎప్పుడో పోయాడు. అలాంటిది ఇక ఎవరూ చెయ్యరు. పైకి ఇదంతా అనుకుంటున్నాను కానీ అసలు అనుకున్నది ఇంకొకటి. ఇది పోతే ఇక నాకంటూ రాదు. అన్నయ్య పోయాకైనా నా దగ్గరికే వస్తుందని ఎక్కడో లెక్క వేసుకుని ఉన్నాను. ఏడాదిన్నరగా అన్నయ్యకి ఏమీ గుర్తుండటం లేదని వదిన ఏడుస్తుంటే, ఆ లెక్క నా లోపల అలా నడుస్తూనే ఉంది. రాశాను. ఇక ఇది రాయలేదని అనుకోనక్కర్లేదు.

మోటారు వేశాను. మొదటి నిప్పురవ్వలు లేచినప్పుడు ఎవరినో కొడుతున్నట్టు అనిపించింది. తర్వాత చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కొంచెం తియ్యడం, నీళ్ళలో ముంచడం, తుడవడం, మళ్ళీ తియ్యడం. మొనని గింజంత గుండ్రం చేశాను. పద్నాలుగోదానిలా గీతలు కనపడకూడదని ముందు గరుకు పొడి, తర్వాత మెత్తటి పొడి, చివరికి పళ్ళకి వేసే తెల్ల మెరుగు. గంటంపావు పట్టింది.

ఓనరు భోజనం చేసి వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఇవాళ పళ్ళకి బదులు కోరలు చేస్తున్నారా?"

నవ్వాను. మొహం కడుక్కోవడానికి వెళ్ళి పంపు కింద చాలాసేపు ఉండిపోయాను.

మార్చి 28

అరచేతి మీద గట్టిగా లాగి చూశాను. ఎర్ర గీత పడింది, అంతే. మా ఆవిడ కూడా లాగి చూసింది. చాలా రోజుల తర్వాత నాకు మారు అన్నం వడ్డించింది.

మార్చి 29

గద్దకి ఫోన్ చేసి ముప్పై ఒకటికి పదును తీసేశానని చెప్పాను. "మీకు కూడా మీ అన్నయ్య జబ్బే వచ్చినట్టుంది" అన్నాడు. ఎందుకు చేశానో అతనికి ఫోన్? ఎవరో ఒకరు తిట్టాలనిపించింది.

మార్చి 30, ఆదివారం

మంచి కబురు ముందు రాస్తాను. వదిన సంతకం పెట్టడం లేదు. ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోమని వాళ్ళకి చెప్పేసింది. కొన్ని నెలలైనా చూద్దాం అంది. మిగతా కత్తులు కూడా ఒక్కొక్కటే పదును తీసి తెచ్చిస్తానన్నాను. నలభై ఒకటీనా అంది. నలభై ఒకటీ అన్నాను.

ఇప్పుడు రెండోది.

పది గంటలకి వెళ్ళాను. వదిన ముందు తన చేతి మీద లాగి చూసుకుంది, కుట్లు లేని చెయ్యి. తర్వాత తలూపింది. బల్ల మీద పాత దుప్పటి పరిచి, గుడ్డ, నూనె సీసా, మైనం కాగితంలో కత్తి పెట్టాం. అన్నయ్య వచ్చి కూర్చుని కాగితం విప్పాడు. నంబరు మీద బొటనవేలు పెట్టాడు.

"ఒకటి కుడికి వాలింది" అన్నాడు.

ఆ గొంతు విని వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి చూస్తే అక్కడే గోడకి ఆనుకుని కూర్చుని నిద్రపోతోంది. పట్టపగలు, నోరు తెరుచుకుని. ఎన్నాళ్ళయిందో ఆవిడ నిద్రపోయి.

అన్నయ్య తుడుస్తూనే ఉన్నాడు. పిడి, ఇత్తడి కట్టు, వెన్ను, మళ్ళీ పిడి. గంట గడిచింది. గుమ్మం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. పని బాగా కుదిరిందనుకున్నాను. అంచు మీద వేలు పెట్టడం ఆయనకి అలవాటు లేదు, ఆ నమ్మకం మీదే అంతా చేశాను.

తర్వాత కత్తి ఎత్తి కిటికీ వైపు పట్టుకుని, అంచు తనకి ఎదురుగా ఉండేలా తిప్పాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పదునున్న అంచు మీద వెలుగు నిలబడదు. ఎదురుగా చూస్తే అక్కడ ఏమీ కనిపించదు. మొద్దుబారిన అంచయితే సన్నటి తెల్ల గీత మెరుస్తుంది. ఇది కూడా ఆయన నేర్పిందే. నేనేమో అలవాటు కొద్దీ దానికి పళ్ళ మెరుగు పెట్టాను. నా పని ఎప్పుడూ లేనంత బాగా మెరుస్తోంది, పిడి నుంచి మొనదాకా.

అన్నయ్య చెయ్యి అలాగే ఆగిపోయింది. కత్తిని మెల్లిగా దుప్పటి మీద పడుకోబెట్టాడు. కోపం వస్తుందనుకున్నాను, లేచి బయటికి పోతాడనుకున్నాను. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. వంటింటి వైపు చూసి, ఎవరూ వినడం లేదని నిశ్చయించుకుని, నా వైపు కాస్త వంగాడు. కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు సర్దుకున్నట్టు చొక్కా సర్దుకున్నాడు.

"ఏమండీ, మీరెవరో నాకు తెలీదు, ఏమీ అనుకోకండి. దీనికి పదును పోయింది చూశారా? నేనే చేసుంటాను. ఈ మధ్య నేనేం చేస్తున్నానో నాకు తెలియడం లేదు."

"ఫరవాలేదండీ" అన్నాను.

"నాకు ఫరవాలేదు. మా తమ్ముడొకడున్నాడు. వాడికి ఈ కత్తంటే ప్రాణం. ఇలా అయిందంటే తట్టుకోలేడు." నా మణికట్టు మీద చెయ్యి వేశాడు. చేతికి నూనె ఉంది. "వాడికి మాత్రం చెప్పకండి."

చెప్పనన్నాను.